కొండ మీద దుప్పి ఎక్కడ పడుకుంటుందో గాలినడిగితే తెలుస్తుంది

పోయిన జులైలో బెంగళూరు దగ్గరి నంది హిల్స్ కింద ఒక ఊరి దగ్గర బండి ఆపి టీ తాగుతున్నా. పక్క గుట్ట మీద మేకలు కాసే తాత ఒకాయన కనపడ్డాడు, చిక్కబళ్ళాపురం వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళు చాలా ఉన్నాయి కాబట్టి మాట కలిసింది. ఆయన మేకలన్నీ గుట్టకి తూర్పు వైపునే, సగానికి పైన, వరసగా పడుకుని నెమరేస్తున్నాయి. గుట్ట నెత్తిన ఒక్కటీ లేదు, కింద చదునులో ఒక్కటీ లేదు. అన్నీ అక్కడే ఎందుకు పడుకున్నాయి తాతా అని అడిగా. "పడమటి గాలి కొడతా ఉండాది కదప్పా, గాలికి వీపిచ్చి, కింద ఎవురొచ్చినా కనపడేటట్టు పండుకుంటాయి, ఇంగ యాడ పండుకుంటాయి" అన్నాడు.

నేను అప్పటికి రెండేళ్ళుగా బెంగళూరు నుంచి వీలున్నప్పుడల్లా కర్ణాటక దక్షిణాన ఉన్న బి.ఆర్. హిల్స్ (బిళిగిరి రంగన కొండలు), బండీపూర్ అడవుల వైపు పోతూ, ఫారెస్ట్ వాచర్ తోడుగా పర్మిషన్ ఉన్న దారుల్లో నడుస్తూ, దుప్పులు పగలు ఎక్కడికి మాయమైపోతాయో అర్థం చేసుకోవడానికి కిందా మీదా పడుతున్నా. పొద్దున ఆరున్నరకి మేస్తూ కనపడ్డ కణితి (సాంబర్ అనే పెద్ద దుప్పి) ఎనిమిదిన్నరకి అడవి మింగేసినట్టు ఉండదు. ఎక్కడికో పోయి పడుకుంటుంది, అది తెలుసు, కానీ ఇంత పెద్ద కొండలో అక్కడే ఎందుకు? తాత చెప్పిన ఒక్క మాటలో సగం జవాబు ఉంది, మిగతా సగం గాలి ఎలా పనిచేస్తుందో తెలిస్తే వస్తుంది, అదే ఇక్కడ విడమరిచి రాద్దామని.

ముందు ఒక విషయం, దుప్పి పడుకుందంటే నిద్రపోతోందని కాదు. గబగబా మేసి కడుపులో వేసుకుని తర్వాత తీరిగ్గా కూర్చుని నెమరేసే జంతువు అది. మేసేటప్పుడు తల కిందికి ఉంటుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ, అందుకే ఆ పని తొందరగా ముగించుకుని, అరిగించుకునే పనంతా భద్రమైన చోట పెట్టుకుంటుంది. అంటే రోజులో చాలా గంటలు గడిచేది ఆ పడక మీదే. అన్ని గంటలు ఒకేచోట కదలకుండా ఉండాలి కాబట్టి ఆ చోటు ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే ప్రాణం పోయినట్టే.

దానికి కాపలా కాసేవి మూడు. కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే దాదాపు చుట్టూ కనపడుతుంది, ఒక్క వెనకభాగం తప్ప, పైగా కదలకుండా ఉన్న మనిషిని పోల్చుకోలేకపోవచ్చు గానీ చిన్న కదలికని మాత్రం వదలదు. చెవులు దేనికది వేరువేరుగా తిరుగుతాయి. అన్నిటికన్నా నమ్మేది ముక్కుని. పసిగట్టడం అనే మాట మనం రోజూ వాడతాం గానీ అసలు పసి అంటే గాలిలో తేలి వచ్చే వాసన, అది పట్టుకోవడమే పసిగట్టడం. ఆ మాట పుట్టించినవాళ్ళు అడవి తెలిసినవాళ్ళే అయ్యుంటారని నాకు గట్టి నమ్మకం. ఇక్కడే తిరకాసు ఉంది, కన్ను ఏ వైపుకైనా చూస్తుంది గానీ ముక్కుకి అందేది గాలి ఏ వైపు నుంచి వస్తుందో ఆ వైపు సమాచారమే. అందుకే దుప్పి పడక లెక్క అంతా ఒక్కటే, ముక్కు ఒక వైపు కాస్తుంటే కళ్ళు ఇంకో వైపు కాయాలి, రెండూ ఒకే వైపు కాస్తే దండగ.

ఇప్పుడు గాలి సంగతి. కొండల్లో గాలి ఒకటి కాదు, రెండు. ఒకటి పెద్దగాలి, అంటే వాతావరణ వార్తల్లో చెప్పే గాలి, పడమటి గాలి, ఈశాన్యం గాలి అని. రెండోది కొండ తనే పుట్టించుకునే చిన్నగాలి. పొద్దున ఎండ తగిలి కొండచరియ వేడెక్కితే దాన్ని అంటుకున్న గాలి కూడా వేడెక్కి తేలికై చరియ వెంబడి పైకి పాకుతుంది, రాత్రి నేల చల్లబడితే ఆ గాలి బరువై నీళ్ళు పారినట్టే వంకల వెంట కిందికి పారుతుంది. చెన్నైలో ఉన్నవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, ఎండాకాలం మధ్యాహ్నం సముద్రం గాలి లోపలికి ఎందుకొస్తుందో ఇదీ అందుకే, ఒకచోట నేల ఎక్కువ వేడెక్కింది పక్కన తక్కువ వేడెక్కింది, ఆ తేడాయే గాలిని నడుపుతుంది. కొండ గాలి మాత్రం సముద్రం గాలంత జోరుగా ఉండదు, చాలాసార్లు మనిషి నడిచే వేగం, అంతే, చొక్కా కూడా కదలదు, కానీ వాసన మోయడానికి అది చాలు.

రాత్రి కిందికి పారే చల్లగాలిని కళ్ళతో చూడాలంటే నంది హిల్స్ పొద్దున్నే ఎక్కితే చాలు. 1478 మీటర్ల ఎత్తున నిలబడి సూర్యోదయం కోసం చూస్తుంటే కింద మంచు పాల సముద్రంలా పరుచుకుని ఉంటుంది, అందరూ దాన్నే ఫోటోలు తీస్తారు. రాత్రంతా చల్లబడ్డ బరువు గాలి కిందకి దిగి పల్లంలో నిలిచిపోయి అందులోని తేమ మంచుగా మారడం వల్లే చాలావరకు అలా కనపడుతుంది. ఊటీలో డిసెంబర్, జనవరి రాత్రుల్లో గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచు కూడా లోయ అడుగున, పల్లపు మైదానాల్లో ఎక్కువ, చరియల మీద తక్కువ. అంటే చలి రాత్రుల్లో కొండ మధ్యభాగం అడుగుకంటే వెచ్చగా ఉంటుంది. ఎత్తుకి పోతే చలి అని మనం అనుకుంటాం కదా, ప్రశాంతంగా ఉన్న రాత్రుల్లో అది తిరగబడుతుంది, చలికాలంలో దుప్పి లోయ అడుగున పడుకోకపోవడానికి ఇదొక కారణం.

ఈ రెండు గాలుల్ని కలిపి చూస్తే తాత మాటలోని మిగతా సగం తెలుస్తుంది. పడమటి గాలి కొండని దాటి వస్తోంది అనుకోండి. కొండకి తూర్పు వైపు, అంటే గాలి చాటు వైపు, నెత్తికి కొంచెం కింద, మూడొంతుల్లో పై వంతులో దుప్పి పడుకుంది, వీపు కొండ నెత్తికి, మొహం లోయకి. వెనక నుంచి కొండ దాటి ఎవరొచ్చినా పెద్దగాలి ఆ వాసనని దాని మీదకి తెస్తుంది, అది కళ్ళకి కనపడని వైపు కాబట్టి ముక్కు కాస్తోంది. ముందు వైపంతా కిందికి చరియ తెరుచుకుని ఉంది కాబట్టి కళ్ళు కాస్తున్నాయి. దానికి తోడు పగలు ఎండకి లోయ నుంచి చిన్నగాలి పైకి పాకుతూ కింద తిరిగే ప్రతిదాని వాసన మోసుకొస్తుంది. ఒక్కచోట పడుకుని వెనక కొండ, ముందు లోయ రెండిటి కబురూ కూర్చున్న చోటికే వస్తోంది.

గాలి చాటు అనగానే మనం గాలి లేని చోటు అనుకుంటాం. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నా, చలికి ఒదిగి పడుకుంటుందని, ఆ కారణమూ ఉంది గానీ అసలు కారణం అది కాదు. గాలి అసలు లేని గుంటలో పడుకుంటే దుప్పికి చెవిటి గుడ్డి బతుకే. దానికి కావాల్సింది ఒంటికి కొట్టని గాలి, కానీ ముక్కుకి అందే గాలి. రెండూ ఒకేచోట దొరికేది ఆ పై వంతులోనే. నెత్తి మీద పడుకుంటే ఆకాశానికి ఎదురుగా నల్లగా కనపడుతుంది, గాలి ఒళ్ళంతా కోస్తుంది. మరీ కిందికి పోతే పెద్దగాలి తలపైనుంచి దాటిపోయి వెనక కబురు అందదు.

అమెరికాలో కొండ ప్రాంతాల్లో తెల్లతోక జింకల్ని వేటాడేవాళ్ళు ఈ పై వంతు సంగతి చాలాకాలంగా చెప్పుకుంటారు, పైకి పాకే చిన్నగాలి, కొండ దాటి దిగే పెద్దగాలి కలిసే ఆ ఎత్తుని వాళ్ళు సొరంగంతో పోలుస్తారు. అక్కడ వేటకి లైసెన్సులున్నాయి, మన దగ్గర 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఉంది కాబట్టి దుప్పి మీద చెయ్యి వేస్తే జైలే, అది అలాగే ఉండాలి కూడా. కానీ గాలి ధర్మం వేటగాడికీ, కెమెరా పట్టుకున్నవాడికీ, పులికీ ఒకటే.

ఇంకో మెలిక ఉంది. కొండ నిటారుగా ఉండి గాలి జోరుగా ఉంటే, నెత్తి దాటిన గాలి చరియని అంటుకుని దిగదు, విడిపోయి ముందుకి దూకి, కింద చక్రంలా తిరిగి మళ్ళీ చరియ వెంట పైకి వస్తుంది. ఏటిలో పెద్ద బండరాయి వెనక నీళ్ళు సుడి తిరిగి వెనక్కి వస్తాయి చూడండి, అదే. అంటే మబ్బు పట్టి ఎండ లేక చిన్నగాలి పుట్టని రోజున కూడా గాలి చాటు చరియలో గాలి కింద నుంచి పైకి రావచ్చు. కొత్తగా అడవికి పోయినవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు, ఫోన్‌లో వెదర్ యాప్ పడమటి గాలి అని చెప్తుంది, మనం తూర్పు నుంచి వస్తున్నాం కాబట్టి మన వాసన దుప్పికి పోదు అనుకుంటాం, సుడి మన వాసనని ఎత్తుకుని దాని ముక్కులోనే పెడుతుంది. తర్వాత వినపడేది కణితి కాలితో నేలని కొట్టే చప్పుడు, దాని వెనకే ఆ ధాంక్ అనే కేక. యాప్ చెప్పేది పెద్దగాలి గురించే, చరియ మీద ఏం జరుగుతోందో దానికి తెలియదు.

పొద్దున, సాయంత్రం ఈ చిన్నగాలి దిశ మారుతుంది, దుప్పి నడక కూడా దాన్ని బట్టే అర్థమవుతుంది. తెల్లవారుజామున మేసి కొండ ఎక్కేటప్పుడు రాత్రి చల్లగాలి ఇంకా కిందికే పారుతూ ఉంటుంది, అంటే ఎక్కుతున్నదానికి మొహానికి ఎదురుగా పైనున్నవాటి వాసన వస్తుంది, అది పోబోయే చోటు ఖాళీయో కాదో ముందే తెలుస్తుంది. సాయంత్రం దిగేటప్పుడు ఎండ పూర్తిగా పోకముందే బయల్దేరితే గాలి ఇంకా పైకే పాకుతూ ఉంటుంది కాబట్టి కింద పచ్చిక దగ్గర ఎవరున్నారో దిగకముందే తెలుస్తుంది. రెండుసార్లూ పోయే వైపు నుంచి ఎదురుగాలి. అయితే గాలి తిరగడం గడియారం పెట్టినట్టు జరగదు. తూర్పు చరియకి పొద్దున్నే ఎండ తగులుతుంది కాబట్టి అక్కడ గాలి ముందు తిరుగుతుంది, అదే సమయంలో పడమటి చరియ నీడలో ఉండి ఇంకా చల్లగాలి దిగుతూనే ఉంటుంది. సాయంత్రం దీనికి తలకిందులు, తూర్పు చరియ ముందే నీడలోకి పోయి అక్కడ గాలి ముందుగా దిగడం మొదలవుతుంది. ఒకే కొండ, ఒకే టైము, రెండు వైపులా రెండు దిశలు. ఆ మారే అరగంట, గంట సేపు గాలి ఎటూ తేలక తడబడుతుంది, వాసన అన్ని వైపులా పోతుంది, నా అనుభవంలో దుప్పి మహా బెదురుగా ఉండేది అప్పుడే.

కొండ ఆకారం కూడా గాలితో సమానంగా లెక్కలోకి వస్తుంది. నెత్తి నుంచి లోయ వైపుకి ముక్కులా పొడుచుకొచ్చిన చిన్న గుట్టలుంటాయి, వాటి మీద పడుకుంటే మూడు వైపులా కింద కనపడుతుంది, ఒక పక్క నుంచి ఆపద వస్తే రెండో పక్కకి దూకి రెండు అంగల్లో కనుమరుగు కావచ్చు. అలాంటి ముక్కు మీద ఒక బండ, ఒక చెట్టు, వాటి ముందు ఒక మంచం వెడల్పు చదును ఉంటే అక్కడ ఆకులు కోడిగుడ్డు ఆకారంలో అణిగి ఉన్నాయేమో చూడండి. నిటారు చరియ మీద జారకుండా పడుకోవడానికి ఆ మెట్టులాంటి చదును తప్పనిసరి, కొండంతా వెతకక్కర్లేదు, గాలి చాటున పై వంతులో ఉన్న మెట్లు చూస్తే చాలు. కనుమలు మాత్రం వేరు. రెండు కొండల మధ్య ఇరుకులో గాలి బిగిసి జోరుగా పోతుంది, దుప్పులు అక్కడి నుంచి దాటతాయి, దారులు పడి ఉంటాయి, కానీ అక్కడ పడుకోవు. వంకలు కలిసే చోట్ల గాలి సుడి తిరుగుతూనే ఉంటుంది కాబట్టి ఏ వాసన ఎక్కడిదో తెలియదు.

ఇక ఎండ. అమెరికా, యూరప్ నుంచి వచ్చే సమాచారంలో చలికాలంలో దక్షిణం వైపు చరియ వెచ్చన, ఎండాకాలంలో ఉత్తరం చరియ చల్లన అని గట్టిగా ఉంటుంది. వాళ్ళకి అది నిజమే, కొలరాడో దగ్గర 40 డిగ్రీల అక్షాంశంలో డిసెంబర్ చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు 26, 27 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు, నిటారుగా ఉన్న ఉత్తరం చరియకి ఎండే తగలదు. బెంగళూరు 13 డిగ్రీల దగ్గర ఉంది, ఇక్కడ డిసెంబర్‌లో కూడా మధ్యాహ్నం సూర్యుడు 53 డిగ్రీల పైనే ఉంటాడు. పైగా ఏప్రిల్ 24 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 18 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నెత్తి మీదకొస్తాడు, నీడ లేని రోజు అంటారు కదా అవి, ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపే ఉంటాడు. కాబట్టి ఎండాకాలంలో ఉత్తరం చరియ చల్లన అనే సూత్రం మన కొండలకి పెట్టకూడదు. ఇక్కడ తేడా తెచ్చేది ఎక్కువగా తూర్పు, పడమర, ఏ చరియకి పొద్దుటి ఎండ, ఏ చరియకి మధ్యాహ్నం మూడు గంటల మంట.

అమెరికా లెక్కకీ మన లెక్కకీ అన్నిటికన్నా పెద్ద తేడా మాత్రం పెద్దగాలిలోనే ఉంది. మనకి అది ఏడాదికి రెండుసార్లు తిరగబడుతుంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి రుతుపవనాలు, గాలి పడమర నుంచి. అక్టోబర్, నవంబర్ వచ్చేసరికి ఈశాన్యం, తూర్పు నుంచి. బి.ఆర్. హిల్స్‌లో కొండల వరసలు దాదాపుగా ఉత్తరం నుంచి దక్షిణానికి సాగుతాయి, అంటే గాలికి అడ్డంగా. వానాకాలంలో గాలి చాటు తూర్పు చరియ అయితే శీతాకాలానికి అదే చరియ గాలికి ఎదురుగా అయిపోతుంది, చాటు పడమర వైపుకి పోతుంది. నా లెక్క ప్రకారం కణితి పడకలు కూడా దాంతోపాటే వైపు మారాలి. వానాకాలంలో తూర్పు చరియకి పొద్దుటెండ తోడు ఉంటుంది గానీ మబ్బుల వల్ల చిన్నగాలి బలహీనం, కాబట్టి సుడిగాలి పనిచేయాలి. శీతాకాలంలో పడమటి చరియకి పొద్దున చాలాసేపు ఎండ సరిగా రాదు, చల్లగాలి ఆలస్యంగా తిరుగుతుంది, అంటే పొద్దున్నపూట ఆ పడక అంత భద్రం కాదు, దుప్పి ఆలస్యంగా అక్కడికి చేరాలి, లేదా పొద్దెక్కాక ఒకసారి లేచి చోటు మార్చాలి. మార్చి, ఏప్రిల్‌లో పెద్దగాలి పెద్దగా ఉండదు, ఎండ మండిపోతుంది, అప్పుడు ఈ లెక్కలన్నీ పక్కకి పోయి నీడ, నీళ్ళు రెండే మిగులుతాయి, కణితి వంకల పక్కన దట్టమైన చెట్ల కిందకి దిగిపోతుంది.

ఇదంతా అన్ని దుప్పులకీ అంటించకూడదు, ఆ మాట కూడా చెప్పాలి. చుక్కల దుప్పికి నిటారు కొండలంటే ఇష్టం ఉండదు, అది చదును నేల జంతువు, మంద కట్టి, పదిమంది కళ్ళు తన కళ్ళుగా పెట్టుకుని బతుకుతుంది. బండీపూర్‌లో, ముదుమలైలో రాత్రిపూట రోడ్ల పక్కన, క్వార్టర్స్ దగ్గర ఖాళీ మైదానాల్లో గుంపులుగా కూర్చుంటాయి, దగ్గరికి రాకముందే కనపడాలని. చెన్నై గిండీ పార్కులో ఉన్న చుక్కల దుప్పులకి కొండే లేదు, అయినా బతుకుతున్నాయి. కొండ మీద ఒంటరిగానో, తల్లీపిల్లగానో ఉండే కణితికే ఈ గాలి లెక్క ప్రాణం. 200 కిలోలు దాటే ఒళ్ళు, మందలో దాక్కునే అవకాశం లేదు.

నీలగిరుల్లో ముకుర్తి వైపు ఇంకో తీరు. అక్కడ పైనంతా బోడి గడ్డి, మడతల్లో, పల్లాల్లో మాత్రం షోలా అడవి ముద్దముద్దలుగా. నైరుతి గాలి ఆ గడ్డి మీద నిలబడనివ్వదు, కాబట్టి కణితి గడ్డిలో మేసి షోలా అంచుకి ఒదుగుతుంది. అక్కడ చరియలో పై వంతు అనే మాటకన్నా చెట్ల అంచు అనే మాటకే బరువు. చాటు కొండ ఇవ్వనప్పుడు అడవి ఇస్తుంది.

మాటు వేసే పులి, చిరుతల కంటే రేచుకుక్కల (అడవికుక్కల) విషయంలో ఈ పడక ఆకారం బాగా అర్థమవుతుంది. రేచుకుక్కలు పగలే, గుంపుగా వేటాడతాయి, తరిమి తరిమి అలిసేలా చేస్తాయి. వాటి నుంచి దుప్పికి కావాల్సింది ముందస్తు కబురు, తర్వాత పరిగెత్తడానికి దారి. గాలి చాటున పొడుచుకొచ్చిన గుట్ట మీద పడుకున్నదానికి రెండూ ఉన్నాయి. పులి విషయంలో దగ్గరి పొద ఎంత దూరంలో ఉందన్నదే తేలుస్తుంది. లంటానా పొదలు అల్లుకుపోయిన మన అడవుల్లో చరియ ఎంత బాగున్నా ముందు చూపు లేకుండా పోతోంది, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. కింద పదిహేను అడుగులు కూడా కనపడని చోట కళ్ళు పనికిరావు, దుప్పి మొత్తం ముక్కు, చెవుల మీదే బతకాలి.

మీరే చూడాలనుకుంటే అడవి దాకా పోనక్కర్లేదు, నంది, సావనదుర్గ, ఏ గుట్టైనా సరే. జేబులో కొంచెం బూరుగు దూది పెట్టుకోండి, అగరుబత్తి వద్దు, ఎండు గడ్డిలో నిప్పు ప్రమాదం. పొద్దున ఏడింటికి చరియ మీద ఒక పోగు వదలండి, తొమ్మిదిన్నరకి అదేచోట ఇంకోటి వదలండి, నెత్తి మీద ఒకటి, నెత్తికి ముప్పై అడుగులు కింద చాటున ఒకటి. కిందకి పోయిన దూది రెండున్నర గంటల తర్వాత పైకి పోవడం, నెత్తి మీద తూర్పుకి ఎగిరినది చాటున వెనక్కి తిరిగి రావడం చూస్తే ఇక్కడ రాసిందంతా ఇట్టే ఎక్కుతుంది. అడవిలో అయితే మధ్యాహ్నం పూట అలాంటి చోట్లకి ఎక్కకుండా కింద నుంచే బైనాక్యులర్స్‌తో చూడండి, నెమరేస్తున్నదాన్ని లేపితే మండుటెండలో మళ్ళీ చోటు వెతుక్కుంటూ తిరగాలి అది.

తాత మేకల్ని నేను మళ్ళీ నవంబర్‌లో చూశా. అదే గుట్ట, అదే టైము. ఈసారి గాలి తూర్పు నుంచి. మేకలన్నీ పడమటి వైపు, సగానికి పైన. ఇప్పుడు బి.ఆర్. హిల్స్‌లో వానాకాలంలో గుర్తు పెట్టుకున్న ఆ తూర్పు చరియ మెట్టు దగ్గరికి, దానికి సరిగ్గా అవతలి వైపుకి, వచ్చే నెల వాచర్ అన్నతో పోవాలి. ఆకులు ఏ వైపు అణిగి ఉన్నాయో చూడాలి.